పాపం ఒప్పుకోమని అడిగే గొంతు: మూడు క్రైస్తవ సస్పెన్స్ నవలలపై సమీక్ష

క్రైస్తవ సస్పెన్స్ నవల అనగానే మన సంఘాల్లో రెండు రకాల అనుమానాలు వినిపిస్తాయి. హత్యలూ బాంబులూ నిండిన పుస్తకంలో దేవుని వాక్యానికి చోటెక్కడిదని పెద్దలు అడుగుతారు. చివరి పేజీలో అందరూ మోకరించి ప్రార్థన చేసి మారిపోతారని ముందే తెలిసిన కథలో ఉత్కంఠ ఏముంటుందని కాలేజీ పిల్లలు అడుగుతారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. హనుమకొండ, కాజీపేట యువజన కూటాల్లో చేతులు మారుతూ తిరిగే ఇంగ్లిషు నవలల్లో మూడింటిని ఈ రెండు ప్రశ్నలనూ ఎదురుగా పెట్టుకొని చదివాను. టెడ్ డెక్కర్ రాసిన ‘త్రీ’, ఫ్రాంక్ పెరెట్టి రాసిన ‘దిస్ ప్రెజెంట్ డార్క్‌నెస్’, టెర్రీ బ్లాక్‌స్టాక్ రాసిన ‘ఇఫ్ ఐ రన్’ ఆ మూడు నవలలు. వీటిలో మొదటిదాన్ని నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. రెండవదాన్ని కొన్ని హెచ్చరికలతో చదవమంటాను. మూడవది హాయిగా చదివిస్తుంది, అయితే విమోచన అనే విషయంలో మొదటిదాని లోతుకు దిగదు.

ఈ నవలలను తూచడానికి నేను పెట్టుకున్న కొలత ఒక్కటే. హంతకుడు ఎవరన్న ప్రశ్న మీద కథ నడిస్తే అది మామూలు అపరాధ పరిశోధన నవల. దానికి క్రైస్తవ నవల అన్న పేరు అట్ట మీద మాత్రమే ఉంటుంది. తప్పు చేసినవాడు నోరు విప్పుతాడా, విప్పితే ఎవరి ముందు విప్పుతాడు, ఆ తర్వాత అతను ఏమి చెల్లించాలి అన్న ప్రశ్నల మీద పాఠకుడి ఊపిరి ఆగితే, అప్పుడు విశ్వాసమూ ఉత్కంఠా ఒకే దారిలో నడుస్తున్నాయని అర్థం.

ఈ పద్ధతి పాశ్చాత్య రచయితలు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. యెహోషువ గ్రంథం 7వ అధ్యాయంలో ఆకాను కథ చదివినవారికి ఇది తెలుసు. ఇశ్రాయేలీయులు యుద్ధంలో ఎందుకు ఓడిపోయారో ఎవరికీ తెలియదు. మొదట ఒక గోత్రం, ఆ గోత్రంలో ఒక వంశం, ఆ వంశంలో ఒక కుటుంబం, ఆ కుటుంబంలో ఒక మనిషి అన్నట్టుగా వల బిగుసుకుంటూ వచ్చి, చివరకు అతని డేరాలో నేల కింద షీనారు పైవస్త్రమూ, 200 తులాల వెండీ, 50 తులాల బంగారు కమ్మీ బయటపడతాయి. సమూయేలు రెండవ గ్రంథం 12వ అధ్యాయంలో, ఊరియా భార్యను తీసుకొని అతన్ని చంపించిన దావీదు రాజు దగ్గరికి వచ్చిన నాతాను ప్రవక్త ఇంకా నేర్పరి. పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పి, ఆ కథలోని ధనవంతుడి మీద దావీదు చేతనే తీర్పు చెప్పించి, ‘ఆ మనుష్యుడవు నీవే’ అంటాడు. న్యాయాధిపతీ దోషీ ఒక్కడేనని తేలే ఆ క్షణాన్ని మించిన మలుపును ఏ సస్పెన్స్ రచయితా ఇంతవరకు రాయలేదని నా అభిప్రాయం. ఆకాను కథలో నేరం బయటపడింది గాని అతనికి విడుదల లేదు. దావీదు కథలో విడుదల దొరికింది గాని దాని ఖరీదును అతని ఇల్లంతా చెల్లించింది. మంచి క్రైస్తవ సస్పెన్స్ నవల ఈ రెండు అధ్యాయాల మధ్య ఉన్న దూరాన్ని కొలుస్తుంది.

మన ప్రాంతపు పాఠకుడికి ఈ నవలలు వేరుగా తగలడానికి మరో కారణం ఉంది. ఇక్కడి క్రైస్తవ జీవితానికి సాక్ష్యం, అంటే దేవుడు తనను ఎలా మార్చాడో విశ్వాసి అందరి ముందు చెప్పుకోవడం, ప్రాణం వంటిది. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా నిలిచిన వి. ఎస్. అజరయ్య, బాప్తిస్మం పొందినవారి చేత వారి చేతులు వారి తలల మీదే పెట్టించి, ‘సువార్తను ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ’ అనే మాటను పలికించేవారు. అక్షరం రాని కూలి మనిషి కూడా తన కథను తానే చెప్పుకొనే అలవాటు అలా ఈ నేల మీద నాటుకొంది. ఆదివారం ఆరాధనలో నేటికీ ఆ అలవాటు ఉంది. ‘ఒకప్పుడు నేను తాగుబోతును’ అని మొదలైన మాట ‘ప్రభువు నన్ను మార్చాడు’ అనే చోట ఆగితే సంఘమంతా స్తోత్రం చెబుతుంది.

ఒక ఆదివారం కాజీపేటలోని ఒక చర్చిలో ఒక పెద్దాయన ఇలాగే సాక్ష్యం చెబుతుండగా విన్నాను. తాగుడు, పేకాట, ఇల్లు గుల్ల కావడం, ఆ తర్వాత ప్రార్థన, మారుమనస్సు అన్నీ వరుసగా వచ్చాయి. ‘కుటుంబానికి చాలా అన్యాయం చేశాను’ అన్న ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆయన గొంతు తగ్గింది. ఆడవారి వైపు చాప మీద కూర్చున్న ఆయన చెల్లెలు ఆ మాటకు తలెత్తి, కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ, తర్వాతి వాక్యం కోసం ఆయన ముఖం వైపే చూసింది. తర్వాతి వాక్యం రాలేదు, పాట అందుకున్నారు. ఏ అన్యాయం, ఎవరికి, దాన్ని సరిచేశారా అన్నది ఆ సాక్ష్యంలో లేదు. సువార్తలోని సుంకరి జక్కయ్య అయితే యేసు ఎదుటనే నిలబడి, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలుగా తిరిగి ఇస్తానని లెక్క చెప్పాడు. సాక్ష్యంలో ముగింపు ముందే తెలుసు కాబట్టి మధ్యలో ఉన్న భయాన్ని మనం దాటేస్తాం. సస్పెన్స్ నవల ఆ భయాన్ని తిరిగి దాని స్థానంలో పెట్టగలదు. ‘త్రీ’ సరిగ్గా అదే చేసింది.

2003లో వచ్చిన ఈ నవల అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని లాంగ్‌బీచ్‌లో జరుగుతుంది. కెవిన్ పార్సన్ దైవశాస్త్ర కళాశాల విద్యార్థి, నెమ్మదస్థుడు, ఎవరి జోలికీ పోనివాడు. మానవ స్వభావంలో మంచి ఎంత, చెడు ఎంత అన్న విషయం మీద డాక్టర్ జాన్ ఫ్రాన్సిస్ అనే ప్రొఫెసరుతో చర్చించి, కారులో ఇంటికి వెళుతుండగా ఫోన్ మోగుతుంది. స్లేటర్ అని పేరు చెప్పుకున్న అపరిచితుడు ఒక పొడుపుకథ విసిరి, మూడు నిమిషాల్లో నీ పాపాన్ని లోకమంతటికీ ఒప్పుకో, లేకపోతే నీ కారును పేల్చేస్తాను అంటాడు. ఏ పాపం అని కెవిన్ అడుగుతాడు. జవాబు రాదు. ఆ మూడు నిమిషాలు గడుస్తాయి, కారు పేలిపోతుంది, మళ్ళీ ఫోన్ మోగుతుంది.

ఆ మొదటి మూడు నిమిషాల రచన గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కెవిన్ భయపడేది బాంబుకే అయినా, అతని మనసు పరుగెత్తేది మాత్రం తన గతంలోకి. ఏ పాపం చేశాను, ఎవరికి తెలుసు, ఎవరు చూశారు అని వెతుక్కుంటున్నకొద్దీ, తాను మంచివాడినన్న నమ్మకమే అతనికి అడ్డు వస్తుంది. ప్రభు రాత్రి భోజనానికి ముందు మనమందరం ఒకే స్వరంతో ఒప్పుకోలు ప్రార్థన చదువుతాం. తలంపువలన, మాటవలన, క్రియవలన పాపం చేశామని చెప్పుకొంటాం. ఆ వాక్యాలు నాలుక మీద ఎంత అలవాటుగా దొర్లుతాయో మనకు తెలుసు. ఎవరో గడియారం చేతబట్టుకొని, అందులో ఒక్కటి, ఒక్కటే, పేరుతో సహా చెప్పమంటే మన పరిస్థితి ఏమిటన్న ప్రశ్నను రచయిత ఉపదేశం లేకుండా, వేగంగా కదిలే కథతోనే పాఠకుడి ముందు నిలబెట్టాడు.

కథ నడిచేకొద్దీ కెవిన్ పెరిగిన ఇంట్లోకి మనం ప్రవేశిస్తాం. ఈ నవలలో అన్నిటికంటే బలమైన కల్పన ఆ ఇల్లే. తల్లిదండ్రులను పసితనంలోనే పోగొట్టుకున్న కెవిన్‌ను పెంచిన బలిండా, తనకు నచ్చిన లోకాన్ని తానే తయారు చేసుకొనే మనిషి. ఇల్లంతా వార్తాపత్రికల కట్టలు గుట్టలుగా పేర్చి ఉంటాయి. వాటిలోంచి తన ఇష్టానికి సరిపడేవి కత్తిరించి ఉంచుకుంటుంది. సరిపడనివి పెరట్లో మంటపాలవుతాయి. ఆమె కత్తెర ఒప్పుకున్నదే ఆ ఇంట్లో నిజం. పిల్లవాడు బయటి లోకాన్ని ఆ కత్తిరింపుల గుండానే చూస్తూ పెరుగుతాడు. దుర్మార్గానికి కోరలూ కొమ్ములూ తగిలించకుండా, ఒక పెంపుడు తల్లి చేతిలో కత్తెర పెట్టి చూపించడం రచయిత సాధించిన గొప్ప విషయం. ఆ ఇంట్లో పెరిగినవాడి మంచితనం కూడా అలా కత్తిరించుకున్నదేనా అన్న అనుమానం పాఠకుడికి మెల్లగా మొదలవుతుంది. ఆ తర్వాత ప్రతి ఫోన్‌కాల్ వేరే అర్థంతో వినిపిస్తుంది.

చివరి మలుపును ఇక్కడ చెప్పడం పాఠకులకు అన్యాయం చేయడమే అవుతుంది కనుక చెప్పను. రోమీయులకు రాసిన పత్రిక 7వ అధ్యాయంలో ‘నేను చేయగోరు మేలుచేయక చేయగోరని కీడు చేయుచున్నాను’ అని పౌలు పడిన వేదనే ఈ నవలకు వెన్నెముక అని మాత్రం చెప్పవచ్చు. ఆ వాక్యం మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. దాన్ని కథగా మలచి, మేలు కోరేవాడూ కీడు చేసేవాడూ వారి మధ్య నలిగేవాడూ ముగ్గురినీ పాఠకుడి కళ్ళకు కట్టించడం తేలిక కాదు. డెక్కర్ మిషనరీల కుమారుడు. ఇండోనేషియాలోని పశ్చిమ పాపువాలో దానీ జాతి ప్రజల మధ్య పెరిగాడు. చెడును ఎవరో పరాయివారి ఇంట్లో వెతకకుండా, చర్చిలో ముందు వరుసలో కూర్చున్నవాడి గుండెలో వెతకడానికి ఆ బాల్యం కూడా కొంత తోడ్పడిందేమో.

లోపాలూ ఉన్నాయి. కథ మధ్య భాగంలో బెదిరింపులు ఒకే పద్ధతిలో జరుగుతూ పోవడంతో, పొడుపుకథ రాగానే ఆ తర్వాత ఏమవుతుందో ఊహించగలుగుతాం. ఎఫ్‌బీఐ అధికారి జెన్నిఫర్ పీటర్స్ తన సోదరుణ్ణి పొడుపుకథల హంతకుడి చేతిలో పోగొట్టుకున్న మనిషి. అంతటి దుఃఖం మోస్తున్న పాత్ర కెవిన్ పట్ల అంత త్వరగా మెత్తబడటం నమ్మకంగా లేదు. ముగింపు దగ్గర ప్రొఫెసరు చేత చెప్పించిన వివరణ కొంత తగ్గించి ఉంటే బాగుండేది. కథే చెప్పేసిన సంగతిని మళ్ళీ పాఠంగా చెప్పనవసరం లేదు. ఈ లోపాలన్నీ లెక్కలోకి తీసుకున్నా, పుస్తకం మూసేసరికి మనం హంతకుణ్ణి గురించి ఆలోచించం, మన గురించి ఆలోచిస్తాం. బూతు మాట గాని, అసభ్య సన్నివేశం గాని లేదు. ఇంటర్ దాటిన పిల్లలకు నిస్సంకోచంగా ఇవ్వవచ్చు. భాష కూడా వారికి అందేంత తేలికగా ఉంటుంది.

‘దిస్ ప్రెజెంట్ డార్క్‌నెస్’ ఈ తరహా నవలలకు దారి వేసిన పుస్తకం. 1986లో వచ్చి, మొదట్లో నెమ్మదిగా అమ్ముడై, చదివినవారు ఒకరికొకరు చెప్పుకోవడం వల్ల లక్షల ప్రతులకు చేరింది. ఆష్టన్ అనే కల్పిత పట్టణంలో మార్షల్ హోగన్ అనే పత్రికా సంపాదకుడూ, హాంక్ బుష్ అనే చిన్న సంఘపు పాస్టరూ వేర్వేరు దారుల్లో ఒకే కుట్రను కనుగొంటారు. వారి తలల మీదుగా దేవదూతలకూ దురాత్మలకూ యుద్ధం జరుగుతూ ఉంటుంది. విశ్వాసులు ప్రార్థన చేసినకొద్దీ దూతలకు బలం పెరుగుతుంది. ప్రార్థన ఆగిపోతే వారి ఖడ్గాలు బలహీనమవుతాయి. ఉపవాస కూటాల్లో రాత్రంతా మేల్కొని ప్రార్థించే మన తల్లులకు ఈ ఊహను వివరించి చెప్పనవసరం లేదు. ఎఫెసీ పత్రికలోని ‘ప్రస్తుత అంధకారసంబంధులగు లోకనాథులతో’ పోరాటం అనే మాట వారి రోజువారీ భాషలోనే ఉంది. ఏ గుర్తింపూ లేని ఒక ముసలమ్మ ప్రార్థన యుద్ధ ఫలితాన్ని మార్చగలదని ఒక నవల చెప్పడం నాకెంతో నచ్చింది.

కానీ ఈ నవల పట్ల నాకు రెండు బలమైన అభ్యంతరాలు ఉన్నాయి. మనుషులు చేసే ప్రతి చెడు పని వెనుకా ఒక దురాత్మ గోళ్ళు దించి కూర్చున్నట్టు చిత్రించడం వల్ల, పాపం చేసిన మనిషి బాధ్యత పలచబడిపోతుంది. దురాత్మను తరిమేస్తే మనిషి బాగుపడతాడు. అతడు ఎవరి దగ్గరికి వెళ్ళి తలవంచాలి అన్న ప్రశ్నకు కథలో చోటు చాలదు. కెవిన్‌కు ఎదురైన మూడు నిమిషాలు ఆష్టన్ పట్టణంలో దాదాపు ఎవరికీ ఎదురుకావు.

రెండవ అభ్యంతరం మన ఊరికి సంబంధించినది. ధ్యానం, తూర్పు దేశాల ఆధ్యాత్మికత అన్న మాటలు వినిపించిన చోటల్లా ఈ నవల సాతాను కుట్రను చూస్తుంది. వరంగల్‌లో మన పొరుగువారు భద్రకాళి గుడికి వెళతారు, కాజీపేట దర్గా ఉర్సుకు వెళతారు, మనం ఫాతిమానగర్ కెథడ్రల్‌కో మన మన సంఘాలకో వెళతాం. క్రిస్మస్‌కు మన ఇంటి కేకు వారింటికీ, పండుగకు వారింటి పిండివంటలు మనింటికీ చేరతాయి. ఆపదలో రక్తం ఇచ్చేదీ, పెళ్ళిలో పందిరి వేసేదీ ఆ పొరుగువారే. ఈ పుస్తకం చదివి, మోకాళ్ళ మీద నిలిచే పట్టుదలను నేర్చుకుంటే మేలు. పొరుగువారి ముఖంలో దురాత్మను వెతకడం నేర్చుకుంటే అది మన సాక్ష్యానికే చేటు. యువజన కూటంలో ఈ నవలను ఇచ్చే పెద్దలు, దానితోపాటు, గాయపడినవాణ్ణి పరాయివాడే ఆదుకున్న మంచి సమరయుని ఉపమానాన్ని కూడా చదివించాలని నా మనవి. స్త్రీల చేత అబద్ధపు నిందలు మోపించడాన్ని కథ నడపడానికి సాధనంగా వాడుకోవడం కూడా నేడు చదువుతుంటే మింగుడుపడదు. నిజంగా అన్యాయం జరిగి, సంఘంలో చెప్పుకోలేక ఊరుకున్న ఆడపిల్లలు ఈ పుస్తకం చదివితే ఏమనుకుంటారో రచయిత ఆలోచించినట్టు లేదు.

‘ఇఫ్ ఐ రన్’ 2016లో వచ్చింది. బ్లాక్‌స్టాక్ తొలి రోజుల్లో వేరే పేర్లతో లౌకిక ప్రేమ నవలలు రాసి, తర్వాత వాటిని వదిలి విశ్వాస సంబంధమైన రచనలకు మళ్ళిన రచయిత్రి. ఆ అనుభవం వల్ల కావచ్చు, కథ నడిపే ఒడుపు ఈ ముగ్గురిలో ఆమెకే ఎక్కువ. కేసీ కాక్స్ స్నేహితుడు బ్రెంట్ హత్యకు గురవుతాడు. ఆ చోట ఆమె ఆనవాళ్ళే దొరుకుతాయి. పోలీసుల మీద ఆమెకు నమ్మకం లేదు. పోలీసుగా పనిచేసిన ఆమె తండ్రి మరణాన్ని ఆత్మహత్యగా తేల్చేసిన తీరు ఆమెకు చిన్నప్పటి నుంచీ మానని గాయం. ఆమె పారిపోతుంది. యుద్ధం నుంచి మనసు గాయపడి తిరిగివచ్చిన డిలన్ రాబర్ట్స్‌ను బ్రెంట్ తల్లిదండ్రులు ఆమెను పట్టుకోవడానికి పంపుతారు. ఒక అధ్యాయం ఆమె గొంతులో, ఇంకొకటి అతని గొంతులో సాగడం వల్ల, పారిపోయేవారి భయమూ వెంటాడేవారి సందేహమూ మనకు ఏకకాలంలో తెలుస్తాయి.

కేసీ నిర్దోషి అని పాఠకుడికి తొందరగానే తెలుస్తుంది కాబట్టి, ఒప్పుకోలు అన్న ప్రశ్న ఈ నవలలో ఉండదు. దాని బదులు నమ్మకం అన్న ప్రశ్న ఉంది. ఎవరినీ నమ్మలేనంతగా దెబ్బతిన్న మనిషి దేవుణ్ణి ఎలా నమ్మగలుగుతుంది? రచయిత్రి ఇక్కడ తొందరపడలేదు. కేసీకి ఒక్క ప్రార్థనతో కళ్ళు తెరుచుకోవు. తలదాచుకున్న చోట ఎదురైన సామాన్యుల దయను చూసి ఆమె లోపలి తలుపు కొద్దికొద్దిగా కదులుతుంది. ప్రాణం కాపాడుకోవలసిన సమయంలో కూడా, ఆపదలో ఉన్న ఇంకొకరి కోసం ఆగిపోవడం ఆమె స్వభావాన్ని ఏ సాక్ష్యం కంటే బాగా చెబుతుంది. డిలన్ విశ్వాసి అయినా రాత్రిళ్ళు నిద్రపట్టదు, యుద్ధం అతన్ని వదలదు. విశ్వాసం ఉంటే మానసిక వేదన ఉండదని మన సంఘాల్లో చాలామంది అనుకుంటారు; అలాంటి ఇళ్ళలో ఈ పాత్ర గురించి మాట్లాడుకుంటే మేలు జరుగుతుంది. కుట్ర చేసినవారిని మాత్రం రచయిత్రి ఏకరంగులో చిత్రించింది. వారికి విమోచన దారి ఉందా అన్నది ఆమెకు ముఖ్యం కాలేదు. అది నాకు వెలితిగానే అనిపించింది.

ఒకే పుస్తకం కొనగలిగినవారు ‘త్రీ’ కొనుక్కోండి. రెండవసారి చదివితే మొదటి అధ్యాయంలోని చర్చ అంతా కొత్తగా వినిపిస్తుంది. కూటంలో కలిసి చదివేవారు ముగింపు గురించి ముందుగా నోరు జారకుండా చూసుకోవాలి, అట్ట వెనుక మాటలను మించి ఇంటర్నెట్‌లో ఏదీ చదవకపోవడం మంచిది. ‘ఇఫ్ ఐ రన్’ మూడు భాగాల కథలో మొదటిది. రెండవ భాగం ‘ఇఫ్ ఐయామ్ ఫౌండ్’ 2017లో, మూడవది ‘ఇఫ్ ఐ లివ్’ 2018లో వచ్చాయి. మొదటి భాగం ముగిసేసరికి కేసీ కథ తేలదు కనుక, మూడూ ఒకేసారి తెప్పించుకోలేనివారు ముగ్గురు కలిసి తలా ఒకటి కొని మార్చుకుంటే ఖర్చు తగ్గుతుంది, మధ్యలో ఆగిపోయే బాధా ఉండదు.